జపాన్ ఒప్పంద రేవుల్లో విదేశీ వర్తకుడి వ్యాపారం అసలు ఎలా నడిచేది?

తెరచాప77
ఒప్పందాల ప్రకారం విదేశీయుల వ్యాపారానికి తెరిచిన యోకొహామా, నాగసాకి, కోబే రేవుల గురించి వెతికితే ఒప్పందాల తేదీలు, రాయబారుల పేర్లు, యుద్ధనౌకల కథలు బోలెడు దొరుకుతాయి. వర్తకుడు రోజూ చేసే పనిని మాత్రం ఎవరూ విడమరిచి చెప్పరు. ఓడ లంగరు వేసిన దగ్గర్నుంచి డబ్బు చేతిలో పడేదాకా ఏం జరిగేది? కాటా ఎవరిది? సుంకం ఎలా లెక్కకట్టేవారు? తగాదా వస్తే ఎవరి దగ్గరికి పోయేవారు? 1859 నుంచి 1899 దాకా చాలు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి.

రేవుపటం
ముందు చోటు సంగతి చూద్దాం. మిగతా కథంతా దాన్ని బట్టే నడిచింది.

1858 ఒప్పందంలో రాసుకున్న పేరు కనగావా. అది ఎదోకీ (ఇప్పటి టోక్యో) క్యోతోకీ మధ్య ఉన్న తొకైదో రహదారి మీద మజిలీ ఊరు. ఆ దారిన ప్రభువులు, కత్తులు ధరించిన వాళ్ల పరివారం నిత్యం తిరుగుతుంటారు. అక్కడ విదేశీయుల్ని పెడితే గొడవ తప్పదని షోగన్ (అప్పట్లో దేశాన్ని పాలించిన సేనాధిపతి) ప్రభుత్వం భయపడింది. అందుకే అఖాతానికి అవతల యోకొహామా అనే చిన్న పల్లెలో రేవుమెట్లు, సుంకం కచేరీ, ఇళ్లు ముందే కట్టి సిద్ధం చేసింది. ఇది ఒప్పందానికి విరుద్ధమని కాన్సుళ్లు, అంటే రేవులో ఉండే విదేశీ ప్రభుత్వాల ప్రతినిధులు, అభ్యంతరం చెప్పారు. వర్తకులు వాళ్ల మాట వినలేదు. యోకొహామా దగ్గర నీళ్లు లోతు, కట్టిన ఇళ్లు సిద్ధంగా ఉన్నాయి, ఇంకేం కావాలి? 1859 జులైలో రేవు తెరవగానే అక్కడే దిగిపోయారు. తీరం వెంబడి ఒకటో నంబరు స్థలం జార్డిన్ మాథెసన్ కంపెనీది.

1860లో ప్రభుత్వం వెనకవైపు కాలువ తవ్వించడంతో ఊరికి మూడు పక్కల నీళ్లే అయ్యాయి. వంతెనల దగ్గర కాపలా ద్వారాలు పెట్టారు. విదేశీయుడు ఉండాల్సింది ఆ లోపలే. బయట తిరగడానికి పది రి దూరం, అంటే దాదాపు 40 కిలోమీటర్లు, అనుమతి ఉండేది. ఎదో వైపు మాత్రం రొకుగో నది దాటకూడదు. తర్వాతి కాలంలో ఆరోగ్యం కోసమో శాస్త్ర పరిశోధన కోసమో పాస్‌పోర్టు తీసుకుని లోపలికి వెళ్లనిచ్చేవారు. వ్యాపారం కోసం మాత్రం వెళ్లనివ్వలేదు.

ఈ ఒక్క నిబంధనను గుర్తుపెట్టుకోండి. పట్టు పండేది కొండ జిల్లాల్లో, కొనేవాడు కదలకుండా రేవులో. ఆ మధ్యనున్న దూరమంతా జపాన్ టోకు వ్యాపారుల చేతిలో ఉండిపోయింది.

సుంకంచీటీ
ఓడ వచ్చాక ఏం జరిగేదో నేను చెప్తాను. అమెరికా ఒప్పందానికి జతచేసిన వ్యాపార నియమాల్లో ఇదంతా అంకెలతో సహా ఉంది.

కెప్టెన్ ముందు ఓడ కాగితాలు తన దేశపు కాన్సుల్ దగ్గర పెట్టి రసీదు తీసుకోవాలి. లంగరు వేసిన 48 గంటల్లోగా (ఆదివారం లెక్కలోకి రాదు) ఆ రసీదు సుంకం కచేరీలో చూపించాలి. దాంతోపాటు సరుకు పట్టీ, అంటే మూటల గుర్తులు, నంబర్లు, లోపల ఏముంది, ఎవరి పేరున వచ్చింది, అన్నీ రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. ఆలస్యమైతే రోజుకు 60 డాలర్ల జరిమానా.

పట్టీలో తప్పు పడితే 24 గంటల్లోగా ఉచితంగా దిద్దుకోవచ్చు. ఆ తర్వాతైతే 15 డాలర్లు. పట్టీలో లేని సరుకు ఒడ్డున కనబడితే రెట్టింపు సుంకం. దొంగతనంగా దింపితే సరుకు జప్తు, పైన 1,000 డాలర్లు. సూర్యాస్తమయం తర్వాత ప్రత్యేక అనుమతి లేకుండా ఒక్క మూట కూడా దించకూడదు. ఓడ ప్రవేశానికి 15 డాలర్లు, వెళ్లేటప్పుడు 7 డాలర్లు.

ధర తక్కువ చూపించి సుంకం ఎగ్గొట్టేవాళ్లకు చక్కటి కిటుకు పెట్టారు. వర్తకుడు చెప్పిన ధర నమ్మబుద్ధి కాకపోతే అధికారి తానే ఒక ధర కట్టి, ఆ ధరకు సరుకు కొంటానంటాడు. వర్తకుడు ఒప్పుకుంటే సుంకం కచేరీ 24 గంటల్లోగా అతనికి డబ్బు చెల్లించాలి. ఒప్పుకోకపోతే అధికారి కట్టిన ధర మీదే సుంకం కట్టాలి. కాగితం మీద ఇంతకన్నా న్యాయమైన పద్ధతి లేదు. ఆచరణలో మాత్రం మొదటి ఏళ్లలో అధికారులకు మాంచెస్టర్ బట్టల ధరలు తెలియవు, భాష తెలియదు.

దిగుమతి సుంకం మొదట చాలా సరుకుల మీద 20 శాతం, మద్యం మీద 35 శాతం. ఎగుమతి మీద 5 శాతం. 1866 జూన్‌లో కుదిరిన సుంకాల ఒడంబడికతో దిగుమతులు కూడా దాదాపు 5 శాతానికి పడిపోయాయి. అదీ ఎక్కువ సరుకులకు విలువ మీద కాకుండా తూకం మీదో గజాల మీదో స్థిరమైన మొత్తం. తర్వాత ధరలు పెరిగినకొద్దీ అసలు భారం 5 శాతం కన్నా తగ్గిపోయింది. సొంతంగా సుంకాలు నిర్ణయించుకునే హక్కు జపాన్‌కు 1911లో గానీ పూర్తిగా రాలేదు.

తెరచాప77
ఓడలు నేరుగా గట్టుకే వచ్చేవా?

రేవుపటం
లేదండీ. ఇనుప పియర్ (సముద్రంలోకి కట్టిన రేవుగట్టు) 1894లో పూర్తయ్యేదాకా పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసేవి. సరుకంతా పడవల మీదికి దించి ఒడ్డుకు చేర్చాలి. గాలి రేగితే పని ఆగిపోతుంది. కెరటాలకు మూటలు తడుస్తాయి. తడిసిన నూలు బట్టకు బూజు పడితే అది ఓడలో తడిసిందా పడవలో తడిసిందా అని బీమా తగాదా. ఆ పియర్‌కు డబ్బు ఎక్కడిదంటే, షిమొనొసెకి జలసంధిలో విదేశీ నౌకలతో జరిగిన పోరుకు జపాన్ కట్టిన పరిహారంలో తన వాటాగా వచ్చిన 7,85,000 డాలర్లను అమెరికా 1883లో తిరిగి ఇచ్చేసింది. జపాన్ దాన్ని ఈ రేవు పనికి వాడింది.

పాతనాణెం
1859 బంగారం సంగతి ఎవరూ ఎత్తలేదు. అప్పుడు నిజంగా డబ్బు వచ్చింది పట్టులో కాదు, నాణేల మార్పిడిలో. లెక్క వేసి చూపిస్తాను.

విదేశీ నాణేన్ని జపాన్ నాణెంతో బరువుకు బరువు మార్చాలని ఒప్పందం. రేవు తెరిచిన మొదటి ఏడాది ప్రభుత్వమే ఆ మార్పిడి చేసిపెట్టాలి. మెక్సికన్ వెండి డాలర్ దాదాపు 27 గ్రాములు, జపాన్ వెండి ఇచిబు 8.6 గ్రాములు. పరీక్షలు చేసి ఖాయం చేసిన రేటు 100 డాలర్లకు 311 ఇచిబులు. దేశం లోపల 4 ఇచిబులు ఇస్తే ఒక బంగారు కోబాన్ వస్తుంది. అంటే 100 డాలర్లకు 77 పైచిలుకు కోబాన్లు.

ఇప్పుడు అప్పట్లో చలామణీలో ఉన్న టెంపో కాలపు కోబాన్ చూడండి. బరువు 11.2 గ్రాములు, అందులో బంగారం 57 శాతం లోపు, అంటే 6.4 గ్రాములు. జపాన్‌లో బంగారానికీ వెండికీ నిష్పత్తి ఒకటికి అయిదు. బయటి ప్రపంచంలో ఒకటికి పదిహేనున్నర. షాంఘై తీసుకెళ్తే ఆ 6.4 గ్రాములకు 99 గ్రాముల వెండి, అంటే నాలుగు డాలర్లు. 77 కోబాన్లకు 300 డాలర్ల పైనే. ఓడ కిరాయి, కమీషన్లు పోయినా పెట్టుబడికి రెట్టింపు మిగులుతుంది. తిరిగొచ్చి మళ్లీ అదే పని.

ఎగబడినవాళ్లలో వర్తకులే కాదు, నౌకాదళం వాళ్లూ ఉన్నారు. టంకశాల రోజుకు కొన్ని ఇచిబులే కొట్టగలదు కాబట్టి ఎవరికెంత అన్న వాటాలు వేశారు. దాంతో కొందరు కల్పిత పేర్లతో, ప్రపంచంలో లేనంత మొత్తాలకు దరఖాస్తులు పెట్టారు. బ్రిటిష్ రాయబారి ఆల్కాక్ తన దేశస్థుల్నే దీనికి గట్టిగా మందలించాడు.

పట్టుగూడు
షోగన్ ప్రభుత్వానికి ఈ ప్రమాదం ముందు తెలియదా? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే చేశారు కదా.

పాతనాణెం
తెలుసు, ఆపడానికి ముందే ప్రయత్నించారు కూడా. ఇది చాలామంది వదిలేసే ముక్క.

రేవు తెరవడానికి ముందే కొత్త వెండి నాణెం ఒకటి కొట్టారు. రెండు షు విలువ, బరువు 13.6 గ్రాములు. ఇచిబు అంటే నాలుగు షులు. అంటే రెండు కొత్త నాణేలు కలిస్తే ఒక డాలర్ బరువు, విలువ ఒక ఇచిబు. ఆ లెక్కన కోబాన్ కొనాలంటే నాలుగు డాలర్లు ఇవ్వాలి. సరిగ్గా ప్రపంచ ధర! బంగారం బయటికి పోయే దారి మూసుకుపోయేది.

అయితే డాలర్‌కు మూడు ఇచిబులు వస్తాయని వచ్చినవాడికి ఒకటే దక్కుతుంది, కొనుగోలు శక్తి మూడో వంతైపోతుంది. ఒప్పంద భంగమని కాన్సుళ్లు పట్టుబట్టారు. కొన్ని వారాల్లోనే ఆ నాణేన్ని ఉపసంహరించుకున్నారు. నా ఉద్దేశంలో న్యాయం జపాన్ వైపే ఉంది. ఇచిబు విలువ అందులోని వెండిది కాదు, దాని మీది ప్రభుత్వ ముద్రది. అలాంటి నాణేన్ని బరువుతో తూచడమే అసలు పొరపాటు.

చివరికి 1860లో కోబాన్‌నే కుదించారు. కొత్తది 3.3 గ్రాములు. అందులో బంగారం 1.9 గ్రాములు, బయట విలువ డాలరుంపావు లోపే. 4 ఇచిబులకు ఖర్చయ్యేది కూడా దాదాపు అంతే. లాభం లేనప్పుడు ఎవరు మోస్తారు? బంగారం పోవడం ఆగింది. దేశం లోపల మాత్రం ధరలు భగ్గుమన్నాయి. స్థిర జీతాల మీద బతికే సమురాయిలకు అది గట్టి దెబ్బ, విదేశీయుల మీద ద్వేషం పెరగడానికి అదీ ఒక కారణం.

పట్టుగూడు
సరే, పట్టు దగ్గరికి వద్దాం. నలభై ఏళ్లూ యోకొహామాను పోషించింది అదే. యూరప్‌లో పెబ్రిన్ తెగులు పట్టుపురుగుల్ని తుడిచిపెడుతున్న రోజుల్లో రేవు తెరుచుకుంది. ఫ్రాన్స్, ఇటలీ వాళ్లకు ముడి పట్టు కావాలి, తెగులు లేని గుడ్లు కూడా కావాలి. గుడ్లను అట్టల మీద పెట్టించి అమ్మేవారు. తర్వాత ఫ్రెంచి శాస్త్రవేత్త పాశ్చర్ పద్ధతిలో యూరప్ తన గుడ్లు తానే చూసుకోవడం మొదలుపెట్టగానే ఆ గిరాకీ కూలిపోయింది. 1874లో ధర నిలబెట్టడానికి యోకొహామాలో మిగిలిన అట్టల్ని కుప్పలుగా తగలబెట్టారు.

ముడి పట్టు అమ్మకం ఇలా సాగేది. పల్లె నుంచి సరుకు యోకొహామాలోని జపాన్ టోకు వ్యాపారికి వస్తుంది. హరా జెన్‌జబురో, మొగి సోబే ఈ వర్గంలో పెద్దలు. సరుకు పంపినవాడికి అడ్వాన్సు ఇచ్చేదీ, కమీషన్ పట్టుకునేదీ ఈ టోకు వ్యాపారే. ఆయన గుమస్తా శాంపిల్ చిలపలు పట్టుకుని విదేశీ కంపెనీకి వెళ్తాడు. అక్కడ మొదట ఎదురయ్యేది దొర కాదు, చైనా దళారీ. కాగితం మీద చైనీస్ అక్షరాలతో ఇద్దరికీ పని జరిగిపోతుంది. డాలర్లు మంచివా చెడ్డవా అని మోగించి చూసే షరాబు కూడా చైనావాడే.

ధర మాటల్లో కుదిరాక సరుకంతా విదేశీయుడి గిడ్డంగికి వెళ్తుంది. చిక్కంతా ఇక్కడే. సరుకు అందిందని చీటీ ఇవ్వరు, బయానా ఇవ్వరు. లోపల పరీక్ష పేరుతో రోజులు గడుస్తాయి. ఈలోగా ఫ్రాన్స్‌లోని పట్టు కేంద్రం లియోన్ నుంచి ధర పెరిగిందని కబురొస్తే పరీక్ష చకచకా ముగుస్తుంది. పడిపోయిందని వస్తే పోగు మందం సరిగా లేదనో రంగు తేడా అనో సరుకు వెనక్కి కొట్టేస్తారు. 1871లో నాగసాకికి సముద్రపు తంతి వచ్చాక ఇది మరీ ఎక్కువైంది. అగ్నిప్రమాదం జరిగితే నష్టం ఎవరిదన్నదానికి కూడా రాతకోతలు లేవు. కాటా విదేశీయుడిది, కాటా రుసుము కట్టేది అమ్మేవాడు, శాంపిల్ పేరుతో తీసిన చిలపలు తిరిగి రావు, పైన తరుగు.

తేయాకుపెట్టె
అమ్మేవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? చిలపల మధ్య నాసిరకం పోగు కలపడం, పట్టుకు తేమ పట్టించడం, కట్టు తాళ్లు బరువుగా వేయడం మామూలే. విదేశీయుడి అనుమానానికి కారణం ఉంది.

పట్టుగూడు
ఉంది, కాదనను. పట్టు తన బరువులో దాదాపు 30 శాతం దాకా తేమ పీల్చినా చేతికి తడిగా తగలదు. తూకం మోసానికి ఇంత అనువైన సరుకు ఇంకోటి లేదు. దీనికి సరైన మందు ఒకటే: శాంపిల్‌ను పొయ్యిలో పూర్తిగా ఆరబెట్టి, ఆ ఎండు బరువుకు 11 శాతం కలిపి, దాన్నే అసలు తూకంగా లెక్కకట్టడం. యూరప్‌లో ఈ పద్ధతి ఎప్పటినుంచో ఉంది. యోకొహామాలో ప్రభుత్వ పరీక్షా కేంద్రం 1896లో గానీ రాలేదు. అప్పటిదాకా ఇరుపక్షాలూ ఒకరినొకరు దొంగలనుకుంటూనే వ్యాపారం చేశాయి. నాణ్యత వైపు నుంచి ప్రయత్నం ముందే జరిగింది. 1872లో మొదలైన ప్రభుత్వ పట్టు మిల్లు తొమియొకాకు ఫ్రెంచివాడు పాల్ బ్రూనాను తెచ్చుకున్నారు. యోకొహామాలో ఒక విదేశీ కంపెనీకి పట్టు పరీక్షించిన మనిషి ఆయన. కొనేవాడు ఏ లోపాలు చూసి సరుకు తిప్పి కొడతాడో ఆయనకు బాగా తెలుసు.

గిడ్డంగి తగాదా 1881లో బద్దలైంది. హరా, మొగి, బ్యాంకరు షిబుసావా ఎయిచి కలిసి సొంతంగా ఉమ్మడి పట్టు గిడ్డంగి పెట్టారు. ఇకమీదట పరీక్ష, కాటా అన్నీ అక్కడే, డబ్బు ఇచ్చాకే సరుకు అన్నారు. విదేశీ కంపెనీలు కొనుగోలు ఆపేశాయి. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా పట్టు కదల్లేదు. పల్లెల్లో అడ్వాన్సులు ఇచ్చి కూర్చున్న టోకు వ్యాపారులకు ఊపిరాడలేదు, అవతల లియోన్‌కు మాటిచ్చిన కంపెనీలకూ అంతే. చివరికి రాజీ పడ్డారు. జపాన్ వాళ్లు అడిగినదంతా దక్కలేదు. అయినా ఒకరి మీద ఒకరు పోటీపడే అమ్మకందార్లు రెండు నెలలు కట్టుగా నిలబడటం అంతకుముందు లేదు.

తేయాకుపెట్టె
టీ గురించి నాలుగు ముక్కలు. తోటలో ఆరబెట్టిన ఆకులో ఇంకా తేమ ఉంటుంది. అలాగే పెట్టెలో వేసి న్యూయార్క్ పంపితే దారిలోనే ముక్కిపోతుంది. అందుకని విదేశీ కంపెనీల గిడ్డంగుల్లో మళ్లీ వేయించేవారు. ఇటుక పొయ్యిల వరసల మీద ఇనుప బాణళ్లు, కింద బొగ్గులు. తెల్లవారకముందే వచ్చిన ఆడకూలీలు బాణలి మీదికి వంగి చేత్తోనే ఆకు తిప్పుతుండాలి. ఒక్క నిమిషం ఏమరితే అడుగు మాడి, ఆ బాణలి అంతా పొగ వాసన. ఎండాకాలంలో ఆ వేడిలో స్పృహ తప్పి పడిపోయేవాళ్లు. పని చూసేది చైనా టీ నిపుణులు.

అమెరికా కొనుగోలుదారు ఆకు మెరుస్తూ పచ్చగా ఉండాలనేవాడు. అందుకే చివర్లో ప్రష్యన్ బ్లూ అనే నీలి రంగు, జిప్సం పొడి చల్లేవారు. తర్వాత సీసపు రేకు పరిచిన పెట్టెల్లో నింపి మూత అతికేవారు. 1883లో అమెరికా కల్తీ టీని నిషేధించింది, రంగు వేసిన టీని 1911లో పూర్తిగా ఆపింది. రంగు నేర్పింది రేవులోని వాళ్లు, మచ్చ పడింది జపాన్ టీ మీద. ఈ సంగతి నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

తెరచాప77
చాలా ఉపయోగపడిందండీ. విదేశీ వర్తకులంతా కోటీశ్వరులయ్యారన్న మాట నిజమేనా? నాగసాకిలో స్కాట్లండ్ వర్తకుడు గ్లోవర్ భవనం చూస్తే అలాగే అనిపిస్తుంది.

రేవుపటం
గ్లోవర్‌ను చూసే ఆ మాట తప్పని చెప్పొచ్చు. 1859లో 21 ఏళ్ల వయసులో నాగసాకి వచ్చాడు. టీతో మొదలుపెట్టి షోగన్‌ను ఎదిరించిన సత్సుమా, చోషూ ప్రాంతాల ప్రభువులకు ఓడలు, తుపాకులు అమ్మాడు. ఒప్పందం ప్రకారం ఆయుధాలు షోగన్ ప్రభుత్వానికీ విదేశీయులకూ తప్ప ఎవరికీ అమ్మకూడదు, అదీ చూసుకోండి. 1863లో ఆ ఇల్లు కట్టాడు. కొసుగేలో ఆవిరి యంత్రంతో ఓడల్ని ఒడ్డుకు లాగే డాక్, తకషిమాలో బొగ్గు గని, అన్నిట్లో చెయ్యి పెట్టాడు. సరుకంతా అప్పు మీద ఇచ్చాడు. 1868లో మొదలైన అంతర్యుద్ధం అనుకున్నదానికన్నా త్వరగా ముగిసింది, ఆయుధాలకు గిరాకీ పడిపోయింది. ప్రభువుల బాకీలు సమయానికి వసూలు కాలేదు. గని మింగే పెట్టుబడికి అంతు లేదు. 1870లో దివాలా తీశాడు. తర్వాత మిత్సుబిషికి సలహాదారుగా బతికాడు.

చిన్న కంపెనీల పరిస్థితి ఇంకా కష్టం. సొంత పెట్టుబడి తక్కువ, కమీషన్ మీద బతుకు, ఆర్డరిచ్చిన సరుకు నెలల తర్వాత వచ్చేసరికి ధర మారిపోయేది. జపాన్ కొనుగోలుదారు సరుకు తీసుకోకుండా ముఖం చాటేస్తే గిడ్డంగి అద్దె, బీమా, వడ్డీ అన్నీ మీద పడతాయి.

మిగతా రేవులు ఇంతటివి కావు. నీగతాలో నది ముఖద్వారం దగ్గర ఇసుక మేట, ఓడలు లోపలికి రాలేవు, వర్తకులూ పెద్దగా రాలేదు. హకొదాతేలో సముద్రపు నాచు, ఎండు చేపలు చైనాకు పోయేవి. కోబే ఆలస్యంగా 1868 జనవరి 1న తెరుచుకున్నా, 126 స్థలాలుగా తీర్చి వేలం వేసిన విదేశీ వాడ అన్నిటికన్నా పద్ధతిగా ఉండేది.

కోర్టుకాగితం
తగాదాల సంగతి మిగిలింది. నియమం ఒక్కటే: ప్రతివాది ఏ దేశస్థుడైతే ఆ దేశపు కోర్టు. జపాన్ వ్యాపారి బ్రిటిష్ కంపెనీ మీద దావా వేయాలంటే బ్రిటిష్ కాన్సులర్ కోర్టుకు పోవాలి. ఓడిపోతే అప్పీలు షాంఘైలో! యోకొహామాలో బ్రిటిష్ కోర్టు విడిగా 1879లో ఏర్పడింది. చాలా చిన్న దేశాల కాన్సుళ్లు వృత్తిరీత్యా వర్తకులే. పొద్దున కొనుగోలుదారు, మధ్యాహ్నం న్యాయమూర్తి.

దీని ఫలితం 1886లో దేశమంతా చూసింది. నార్మంటన్ అనే బ్రిటిష్ ఓడ మునిగితే కెప్టెన్, యూరోపియన్ సిబ్బంది పడవల్లో బయటపడ్డారు. 25 మంది జపాన్ ప్రయాణికుల్లో ఒక్కరూ మిగల్లేదు. కోబే విచారణలో కెప్టెన్ తప్పు లేదన్నారు. జనం మండిపడ్డాక యోకొహామాలో మళ్లీ విచారించి మూడు నెలల జైలు వేశారు. ఒప్పందాలు మార్చాలన్న డిమాండు ఆ తర్వాత ఆగలేదు. 1894లో బ్రిటన్‌తో కొత్త ఒప్పందం కుదిరింది, 1899 జులైలో అమల్లోకి వచ్చింది. విదేశీ వాడలు, కాన్సులర్ కోర్టులు రద్దయ్యాయి.

తెరచాప77
చివరిగా రెండు ప్రశ్నలు. మన దేశం వాళ్లు ఎవరైనా ఉన్నారా? 1899 తర్వాత ఆ స్థలాలు ఏమయ్యాయి?

సుంకంచీటీ
మొదటిదానికి: ఉన్నారు. 19వ శతాబ్ది చివరి దశాబ్దాల్లో సింధీ పట్టు వర్తకులు యోకొహామాలో స్థిరపడ్డారు. 1923 భూకంపం తర్వాత చాలామంది కోబే చేరారు. 1893లో జంషెడ్జీ టాటాతో కలిసి నిప్పన్ యూసెన్ అనే జపాన్ ఓడల కంపెనీ బొంబాయి ఓడల వరస మొదలుపెట్టింది. జపాన్ మిల్లులకు మన పత్తి ఆ దారిన వెళ్లింది. ఇంకా వెనక్కి వెళ్తే, నాగసాకి దెజిమా దీవిలో డచ్చివాళ్లు అమ్మిన రంగు అద్దకపు బట్టల్లో మచిలీపట్నం వైపు కోస్తా నుంచి ఎక్కించినవీ ఉన్నాయి. అది ఒప్పంద రేవులకు ముందు కథ.

కోర్టుకాగితం
రెండోదానికి: విదేశీయులకు భూమి మీద యాజమాన్యం లేదు, శాశ్వత కౌలు మాత్రమే. ఏటా ప్రభుత్వానికి నిర్ణయించిన అద్దె కట్టాలి. 1899 తర్వాత కూడా ఆ కౌళ్లు చెల్లుతాయని కొత్త ఒప్పందాల్లోనే రాసుకున్నారు. జపాన్ అక్కడి ఇళ్ల మీద పన్ను వేసింది. కౌలు భూమికే గానీ దాని మీది కట్టడాలకు మినహాయింపు లేదని వాదించింది. బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ ఒప్పుకోలేదు. వ్యవహారం హేగ్ మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్లింది. 1905 మేలో ముగ్గురు మధ్యవర్తుల్లో ఇద్దరు జపాన్‌కు వ్యతిరేకంగా తీర్పిచ్చారు. జపాన్ తరఫు మధ్యవర్తి మొతొనో ఇచిరో ఒక్కరే విభేదించారు. భూమికీ కట్టడాలకూ, కౌలు పత్రంలో రాసినవి తప్ప మరే పన్నూ లేదని తేలింది. అలా ఊరి మధ్యలో పన్ను లేని స్థలాలు ఉండిపోయాయి. వాటి చిక్కు చివరికి 1942లో తీరింది.